ఇంటికి దారి చూపిన సేనాని – జనరల్ తిమ్మయ్య

సైనికుని తలచినప్పుడు లోకానికి ముందుగా స్ఫురించేవి ఆయుధం, రణరంగం, విజయం. ఆ సైనికునికి ఒక ఇల్లు ఉంటుందనీ, ఆ ఇంటి గడపలో అతని రాకకై ఎదురుచూచే తల్లి, ఇల్లాలు, బిడ్డలు ఉంటారనీ చరిత్ర గ్రంథాలు తరచుగా చెప్పవు. 1957 నుండి 1961 వరకు భారత సైన్యానికి అధిపతిగా ఉండిన జనరల్ కోదండెర సుబ్బయ్య తిమ్మయ్య జీవితాన్ని ఈ రెండు వైపుల నుండి చూచినప్పుడే దాని నిండుదనం తెలుస్తుంది. ఆయన చేసిన యుద్ధాలు కొన్ని. ఇల్లు కోల్పోయిన వారిని ఆదుకొనవలసి వచ్చిన సందర్భాలు అంతకంటె ఎక్కువ. భూకంపంలో కూలిన నగరం, విభజనలో చీలిన పంజాబు, ఏ దేశానికి పోవాలో తెలియని యుద్ధఖైదీలు, ఇరుగుపొరుగులే శత్రువులైన సైప్రస్ ద్వీపం – విధి ఆయనను మరల మరల ఇట్టి చోట్లకే పంపింది.

బెంగుళూరు నగరంలో రిచ్‌మండ్ రోడ్డు అని జనం నోట నిలిచిన వీధికి ఆయన పేరు కూడా ఉంది. ఆయన సమాధి కూడ ఈ నగరంలోనే ఉంది. ఆ దారిన నిత్యం బడికి పోయే పిల్లలలో ఎందరికి ఆ పేరు వెనుకనున్న మనిషి తెలుసునన్నది ఆలోచింపదగిన విషయం.

కొడగు గడ్డ

కావేరీ నది పుట్టిన కొడగు సీమ కొండలకు, కాఫీ తోటలకు, వీరులకు ప్రసిద్ధి. ఆయుధాన్ని ఇంటి దైవంలా భావించే సంప్రదాయం అక్కడి కొడవ కుటుంబాలలో తరతరాలుగా వస్తున్నది. వరి నాట్లు ముగిసిన పిదప వచ్చే కైల్ పోళ్దు పండుగనాడు తుపాకులను, కత్తులను పూలతో అలంకరించి పూజిస్తారు. ఆ సీమకు ముఖ్యపట్టణమైన మడికేరిలో 1906 మార్చి 31వ తేదీన ఒక కాఫీ తోటల కుటుంబంలో ఆయన జన్మించారు. ఇంటిపేరు కోదండెర. తల్లిదండ్రులు పెట్టిన పేరు సుబ్బయ్య. తిమ్మయ్య అన్నది తండ్రి పేరు. అయితే బడిలోను, పిమ్మట పటాలంలోను ఆ తండ్రి పేరే స్థిరపడిపోయింది. కన్నతండ్రి పేరుతోనే లోకం తన్ను పిలవడం ఏ కుమారునికైనా భాగ్యమే. సైన్యంలోని మిత్రులు మాత్రం ఆయనను ముద్దుగా టిమ్మీ అని పిలిచేవారు.

తల్లి సీతమ్మ విద్యావతి, సంఘసేవాపరురాలు. ఆడపిల్లలకు అక్షరం చెప్పించడమే అరుదైన ఆ కాలంలో ఆమె చేసిన ప్రజాసేవకు గుర్తింపుగా నాటి ప్రభుత్వం కైజర్-ఇ-హింద్ పతకాన్ని ఇచ్చింది. కష్టంలో ఉన్నవారిని చూచి పక్కకు తప్పుకొని పోరాదన్న పాఠం ఆ బాలునికి పుస్తకాల కంటె ముందే తల్లి నడవడిలో కనబడింది. ఆ పాఠం ఆయన జీవితమంతా వెంట నడిచింది.

చదువు, శిక్షణ

ఎనిమిదేళ్ళ వయసులోనే బాలుడు ఇల్లు విడిచి కూనూరులోని సెయింట్ జోసెఫ్ విద్యాలయానికి వెళ్ళాడు. అటు పిమ్మట బెంగుళూరులోని బిషప్ కాటన్ పాఠశాలలో చదివాడు. ఇంట మాటాడేది కొడవ భాష, బడిలో చదివేది ఇంగ్లీషు, రేపు పటాలంలో సిపాయిలతో మాటాడవలసింది హిందుస్తానీ. ఒక భాషలో పుట్టి మరొక భాషలో బ్రతకడం ఎట్టిదో, ఇంటి భాషను విడువకుండ పొరుగు భాషను గౌరవించడం ఎట్లో పరాయి రాష్ట్రాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు వేరుగా చెప్పనక్కరలేదు. తిమ్మయ్య ఆ విద్యను బాల్యంలోనే నేర్చుకున్నాడు.

1922లో డెహ్రాడూన్‌లో ప్రిన్స్ ఆఫ్ వేల్స్ రాయల్ ఇండియన్ మిలిటరీ కళాశాల వెలిసింది. భారతీయ బాలురను సైనికాధికారి పదవికి సిద్ధపరచడానికి ఏర్పడిన విద్యాసంస్థ అది. దాని తొలి విద్యార్థులలో తిమ్మయ్య ఒకడు. అక్కడినుండి ఇంగ్లండులోని సాండ్‌హర్స్ట్ సైనిక కళాశాలకు ఎంపికైన ఆరుగురు భారతీయులలో కూడ ఆయన ఉన్నాడు. 1926లో అధికారిగా నియమితుడై, బెంగుళూరు దండులో ఒక స్కాట్లండు పటాలంతో కొంతకాలం పనిచేసి, 1927లో 19వ హైదరాబాదు రెజిమెంటు నాలుగవ బెటాలియనులో చేరాడు.

హైదరాబాదు అన్న పేరు వినగానే తెలుగువారికి అది తమ పటాలమని తోచవచ్చు. నిజాము కొలువుకు అనుబంధంగా ఏర్పడిన పాత దళాల నుండి ఆ రెజిమెంటుకు ఆ పేరు వచ్చింది. కాని అందులోని సిపాయిలు అధికభాగం ఉత్తరాదికి చెందిన కుమావూనీలు, జాట్లు, అహీర్లు. 1945లో ఆ రెజిమెంటు పేరు కుమావూన్ రెజిమెంటుగా మారింది. దక్షిణాది కొండసీమ యువకుడు హిమాలయ సానువుల జవానులకు నాయకుడయ్యాడు. వారి భాష నేర్చి, వారి తిండి తిని, వారి ఇంటి కబుర్లు విని వారికి ఆప్తుడయ్యాడు. ఆ పటాలంతోనే బాగ్దాదులో తొలి కొలువు చేశాడు.

రెండు మనసుల కాలం

ఆనాడు సైన్యంలో భారతీయ అధికారి బ్రతుకు సుఖమైనది కాదు. సైన్యంలో ఎన్నో దళాలున్నా భారతీయ అధికారుల కోసం కేటాయించినవి ఎనిమిది మాత్రమే. యుద్ధభూమిలో ప్రాణమిచ్చే అర్హత ఉన్నవారికి కొన్ని క్లబ్బులలో కూర్చునే అర్హత ఉండేది కాదు. మరొక వంక వీధులలో స్వరాజ్య ఉద్యమం ఉప్పొంగుతున్నది. ఆ వీధులలోని జనం తమ దేశపువాడై ఉండి తెల్లదొర యూనిఫారం ధరించిన యువకుని అనుమానంగా చూచేవారు. దొరలకు ఆయన పరాయివాడు, స్వజనానికీ పరాయివాడే.

పటాలం అలహాబాదులో ఉన్నప్పుడు తిమ్మయ్యకు నెహ్రూ కుటుంబంతో పరిచయం కలిగింది. ఉద్యోగం వదలి ఉద్యమంలో చేరుదామా అన్న ఆలోచన ఆయనను కలతపెట్టింది. కాని మోతీలాల్ నెహ్రూ అందుకు అంగీకరించలేదని ఆయన జీవిత చరిత్ర తెలుపుతున్నది. స్వాతంత్ర్యం వచ్చిననాడు దేశానికి తనదైన సైన్యం కావాలి. దానిని నడిపే విద్య తెలిసిన భారతీయులు లేకపోతే ఆ స్వాతంత్ర్యం నిలిచేదెట్లు? ఆ పెద్దాయన దూరదృష్టి ఆ యువకుని నిలబెట్టింది. జెండా పట్టి నడవడం ఒక దేశసేవ అయితే, ఓర్చుకొని విద్య నేర్చుకొనడం కూడ దేశసేవయే. రెండవ దానికి చప్పట్లు ఉండవు. తిమ్మయ్య ఆ చప్పట్లు లేని దారినే ఎన్నుకున్నారు.

క్వెట్టాలో తొలి కాపురం

1935 జనవరిలో తిమ్మయ్యకు నీనాతో వివాహం జరిగింది. ఆమె కూడ కొడవ వంశానికి చెందిన చదువుకున్న యువతి. నూతన దంపతులు బలూచిస్తానంలోని క్వెట్టా నగరానికి కాపురానికి వెళ్ళారు. పెళ్ళయి అయిదు నెలలైనా నిండకముందే, మే 31వ తేదీ వేకువజామున, ఊరంతా నిద్రలో ఉండగా భూమి కంపించింది. కొద్ది నిమిషాలలో నగరం శిథిలాల గుట్ట అయింది. మరణించినవారి సంఖ్య 30,000 నుండి 60,000 వరకు ఉంటుందని అంచనా.

సైన్యం సహాయ కార్యక్రమాలలో దిగింది. తిమ్మయ్య దంపతులిద్దరూ ఆ సేవలో పాల్గొన్నారు. రాళ్ళ కింద చిక్కిన ప్రాణాల కోసం వెతకడం, గాయపడినవారికి ఉపచారం, దిక్కులేని పిల్లలకు అన్నం, పొంగి రాగల అంటువ్యాధుల భయం – ఇదీ ఆ నగరంలో ఆ దినాల దృశ్యం. కొత్త కాపురానికి ఆ దంపతులు కొనుక్కున్న పాత్రసామాను గూర్చి ఆలోచించే తీరిక ఎవరికి ఉంటుంది! సైనికుని పెండ్లాడడం అంటే అతని కర్తవ్యాన్ని కూడ పెండ్లాడడమేనని నీనా ఆ మొదటి ఏడే గ్రహించి ఉండాలి. మరుసటి సంవత్సరం, 1936లో, వారికి కుమార్తె కలిగింది. ఆమె ఒక్కతే వారి సంతానం.

ఆ తరువాత తిమ్మయ్య మద్రాసులో విశ్వవిద్యాలయ శిక్షణ దళానికి అడ్జుటెంటుగా పనిచేశారు. కళాశాల విద్యార్థులకు సైనిక శిక్షణ ఇచ్చే దళమది, నేటి ఎన్.సి.సి.కి పూర్వరూపం. తెలుగు, తమిళ, కన్నడ, మలయాళ విద్యార్థులు కలిసి చదువుకునే నాటి మద్రాసులో ఆయన చేసిన ఆ ఉద్యోగం ఒక విధంగా ఉపాధ్యాయ వృత్తియే.

అన్నదమ్ములు – రెండు పటాలాలు

రెండవ ప్రపంచ యుద్ధం ఆ కుటుంబాన్ని ఎట్లు చీల్చిందో చెప్పవలసి ఉన్నది. తిమ్మయ్య నాలుగవ బెటాలియనుతో సింగపూరు వెళ్ళి, జపాను దాడికి ముందే బదిలీపై స్వదేశానికి తిరిగి వచ్చారు. ఆయన విడిచి వచ్చిన ఆ బెటాలియను 1942 జనవరిలో మలయాలోని స్లిమ్ నది వద్ద జరిగిన పోరులో చితికిపోయింది. ఆ బదిలీ కాగితం రాకపోయి ఉంటే ఆయన కథ ఎక్కడ ఆగేదో ఎవరు చెప్పగలరు!

అన్న పొన్నప్ప కూడ సైన్యాధికారియే. తూర్పు ఆసియాలో ఆయన నేతాజీ సుభాష్ చంద్రబోసు నాయకత్వం వహించిన ఆజాద్ హింద్ ఫౌజులో చేరారు. తమ్ముడు అదే కాలంలో బర్మాలో బ్రిటిషు ఇండియా సైన్యంలో పోరాడుతున్నాడు. ఒక తల్లి బిడ్డలు ఇద్దరు, యుద్ధరేఖకు అటొకరు, ఇటొకరు. ఇద్దరి కోరిక ఒక్కటే, దేశం స్వతంత్రం కావాలన్నది. ఎన్నుకున్న దారులు వేరు. అన్న ఆయుధంతో సామ్రాజ్యాన్ని ఎదిరించాడు. తమ్ముడు ఆ సామ్రాజ్యపు సైన్యంలోనే ఉండి రేపటి భారత సైన్యానికి అనుభవం కూడబెట్టాడు. వీరిలో ఎవరు సరియైనవారు అన్న ప్రశ్నకు సుళువైన సమాధానం లేదు. ఆ తల్లికి ఇద్దరూ కొడుకులే. ఎవరి క్షేమం కోరి దీపం వెలిగించినా అది ఇద్దరికీ వెలుగే.

1944లో తిమ్మయ్య అరకాన్ రంగంలో ఎనిమిదవ బెటాలియనుకు నాయకుడైనారు. 1945 తొలి మాసాలలో కంగావ్ వద్ద భీకర యుద్ధం జరిగింది. 51వ బ్రిగేడులోని మూడు బెటాలియనులకూ భారతీయులే నాయకులు. ఒకరు తిమ్మయ్య, మరొకరు థోరాట్, వేరొకరు ఎల్.పి. సేన్. భారతీయులు సిపాయిలుగా తగుదురే గాని నాయకత్వానికి తగరన్న అపవాదును ఆ ముగ్గురు అక్కడ కడిగివేశారు. ముగ్గురికీ డి.ఎస్.ఓ. పతకం లభించింది. అనంతరం తిమ్మయ్యకు 36వ బ్రిగేడు నాయకత్వం దక్కింది. ఆ యుద్ధంలో రణరంగాన పదాతి బ్రిగేడును నడిపిన భారతీయ అధికారి ఆయన ఒక్కరే. యుద్ధం ముగిసిన పిదప జపానుకు వెళ్ళిన 268వ బ్రిగేడుకు కూడ ఆయనే అధిపతి.

పంజాబు, కాశ్మీరు

1947లో స్వాతంత్ర్యం వచ్చింది. దానితోపాటు విభజన వచ్చింది. పంజాబులో తరతరాల ఇరుగుపొరుగులు ఒకరినొకరు నరుక్కుంటున్న ఆ రోజులలో శాంతిరక్షణకై పంజాబు సరిహద్దు దళం ఏర్పడింది. దాని అధిపతికి సలహాదారులుగా నియమితులైన నలుగురిలో భారతదేశం పక్షాన తిమ్మయ్య, పాకిస్తాను పక్షాన అయూబ్ ఖాన్ ఉన్నారు. దళం చాలలేదు, అల్లరులు ఆగలేదు. అనతికాలంలోనే అది రద్దయింది. అటు పిమ్మట నాలుగవ డివిజను అధిపతిగా తిమ్మయ్య తూర్పు పంజాబులో కాందిశీకుల రక్షణ భారం వహించారు. మైళ్ళ పొడవున సాగే ఎద్దుబండ్ల వరుసలు, బండి మీద ముసలి తల్లి, చేత వంటపాత్ర, వెనుక తగలబడుతున్న ఊరు. క్వెట్టాలో ఇండ్లను కూల్చింది ప్రకృతి. ఇక్కడ కూల్చింది మనిషి.

1948 మే మాసంలో ఆయనకు కాశ్మీరు రంగంలో శ్రీనగర్ డివిజను అప్పగించబడింది. లడఖ్ ముఖ్యపట్టణమైన లేహ్‌ను శత్రువులు సమీపిస్తున్నారు. రోడ్డు దారి మూసుకుపోయింది. స్థానిక ఇంజనీరు సోనమ్ నోర్బు అక్కడి ప్రజల తోడ్పాటుతో నదీతీరాన విమానం దిగే బాటను సిద్ధం చేశారు. మే 24వ తేదీన ఎయిర్ కమోడోర్ మెహర్ సింగ్ డకోటా విమానాన్ని మంచుకొండల మీదుగా నడిపి అక్కడ దించారు. సముద్రమట్టానికి ఎంతో ఎత్తున, అంతకు ముందెన్నడూ విమానం దిగని చోటు అది. ఆ తొలి విమానంలో ప్రయాణించినవారు తిమ్మయ్య. జవానులను ఎక్కడికి పంపదలచారో అక్కడికి ముందుగా తాను వెళ్ళడం ఆయన పద్ధతి.

లడఖ్‌కు నేలదారి తెరవాలంటే సుమారు 11,500 అడుగుల ఎత్తునున్న జోజిలా కనుమను గెలవాలి. సెప్టెంబరులో పదాతి దళం చేసిన ప్రయత్నాలు ఫలించలేదు. ఇరువైపుల గుట్టలపై గుహలలో పొంచియున్న శత్రువుల మరతుపాకుల ముందు ఏ పటాలమూ నిలువలేకపోయింది. అప్పుడు తిమ్మయ్య ఎవరూ ఊహించని ఉపాయం ఆలోచించారు. అంత ఎత్తునకు టాంకులను ఎక్కించాలని సంకల్పించారు.

ఆ పని మాటలలో తేలిక. కంచరగాడిదలు నడిచే ఇరుకు బాటను టాంకు పోగల రోడ్డుగా వెడల్పు చేయాలి. చలిలో, శత్రువుల గుండ్ల నడుమ ఆ బాటను తొలిచినవారు మద్రాసు సాపర్స్ దళంవారు. ఆ దళానికి స్వస్థానం బెంగుళూరులోని అలసూరు ప్రాంతం. దక్షిణాది భాషలన్నీ వినిపించే ఆ దళంలో తెలుగు జవానులు ఆదినుండీ ఉన్నారు. పగలు రాళ్ళు పగులగొట్టి, రాత్రి మంచులో వణికిన ఆ శ్రామికుల పేర్లు చాలమందికి తెలియవు. విజయం మాత్రం వారి భుజాలమీదనే ఎక్కి వెళ్ళింది.

ఏడవ లైట్ కావల్రీకి చెందిన స్టూవర్ట్ టాంకులను రహస్యంగా శ్రీనగర్ దాటించి బాల్తాల్‌కు చేర్చారు. 1948 నవంబరు 1వ తేదీన, మంచు పడుతుండగా, టాంకులు కనుమలోనికి ప్రవేశించాయి. ఆ దళానికి నాయకుడు లెఫ్టినెంట్ కర్నల్ రాజిందర్ సింగ్. ముందు వరుస టాంకులలో ఒకదానిలో స్వయంగా మేజర్ జనరల్ తిమ్మయ్య కూర్చున్నారు. డివిజను అధిపతి అట్లు ముందుండడం పద్ధతి కాదనేవారు ఉండవచ్చు. కాని పనిచేయునో లేదో తెలియని ఉపాయానికి జవానుల ప్రాణాలను ఒడ్డేటప్పుడు తన ప్రాణాన్ని వెనుక దాచుకొనడం ఆయనకు తెలియదు. ఆ ఎత్తులో టాంకులను చూచి శత్రువులు నిర్ఘాంతపోయారు. జోజిలా చేజిక్కింది. నవంబరు ముగియకముందే ద్రాస్, కార్గిల్ స్వాధీనమై లేహ్‌కు దారి తెరచుకున్నది.

ఆ కాశ్మీరు యుద్ధమే ఆ కుటుంబం నుండి తన మూల్యాన్ని తీసుకున్నది. 1947-48 నాటి ఆ పోరులో తమ్ముడు సోమయ్య మందుపాతర పేలి మరణించాడు. వేలమంది కుమారులను ఇండ్లకు చేర్చిన సేనాని తన తోడబుట్టినవానిని ఇంటికి తేలేకపోయాడు. యుద్ధంలో నాయకుని ఇంటికీ సిపాయి ఇంటికీ మృత్యువు తారతమ్యం చూపదు.

ఇరవైరెండు వేల ఇండ్ల ప్రశ్న

కొరియా యుద్ధం 1953 జూలైలో నిలిచింది. కాని యుద్ధఖైదీలలో వేలమంది స్వదేశానికి తిరిగి పోమన్నారు. వారిని బలవంతంగా పంపాలా, వారి ఇచ్ఛకు విడవాలా అన్న ఒక్క ప్రశ్న మీద సంధి చర్చలు నెలల తరబడి సాగాయి. చివరకు అయిదు తటస్థ దేశాల సంఘం ఏర్పడింది. స్వీడన్, స్విట్జర్లండ్, పోలండ్, చెకొస్లొవాకియా సభ్యులు. అధ్యక్షత భారతదేశానిది. ఆ పీఠంపై కూర్చున్నవారు తిమ్మయ్య. ఖైదీలను కాపాడే భారతీయ దళానికి కంగావ్ నాటి సహచరుడు థోరాట్ నాయకుడు.

ఐక్యరాజ్య సమితి పక్షం అప్పగించిన ఖైదీలు 22,604 మంది, ఉత్తర పక్షం అప్పగించినవారు 359 మంది. ఇరుపక్షాల ప్రతినిధులు వచ్చి ఖైదీలకు తమ మాట వివరించాలి. వినదలచని ఖైదీలు కేకలు పెట్టేవారు, తిరగబడేవారు. శిబిరాలలో ఒకరినొకరు బెదిరించుకొనడం ఉండేది. సంఘంలో ఓట్లు చెరి సగంగా చీలినప్పుడు నిర్ణయభారం అధ్యక్షుని మీదనే పడేది. ఒక పక్షానికి అనుకూలంగా నిర్ణయిస్తే రెండవ పక్షం భారతదేశాన్ని నిందించేది. మరుదినం నిందించేవారు మారేవారు. ఇరువురూ సమానంగా కోపగించుకున్నారంటే న్యాయం ఎక్కడో దగ్గరలోనే ఉన్నదని గ్రహించవచ్చు.

ఆ ఖైదీలు ప్రభుత్వాలకు అంకెలు. వారిలో ప్రతి ఒక్కరికీ ఎక్కడో ఒక పల్లె, ఒక ముసలి తల్లి, బహుశః ఒక పసిబిడ్డ ఉండి ఉంటారు. తిరిగి పోతే ప్రాణభయం, పోకపోతే జీవితాంతం ఎడబాటు. అట్టి నిర్ణయాన్ని ఎవరికి వారు భయం లేకుండ చేసుకొనే అవకాశం కల్పించడమే ఆ సంఘం పని. అనుకున్నట్లు అందరికీ ఆ వివరణలు అందలేదు. గడువు ముగిసింది. 1954 ప్రారంభంలో ఖైదీలను తిరిగి అప్పగించవలసి వచ్చింది. అటూ ఇటూ పోనొల్లని ఎనభైమందికి పైగా భారతీయ దళంతోపాటు భారతదేశానికి వచ్చారు. పని సంపూర్ణం కాలేదు. అయినా భారత సైనికుడు పరదేశంలో తుపాకి ఎత్తకుండ కూడ గౌరవం గెలవగలడని లోకానికి తెలిసింది. ఆ సంవత్సరమే ప్రభుత్వం తిమ్మయ్యను పద్మభూషణ్ బిరుదుతో సత్కరించింది. కొరియా అనుభవాలను ఆయన గ్రంథస్థం చేశారు.

పదవి, లేఖ, నిగ్రహం

1957 మే మాసంలో తనకన్న సీనియర్లు ఉండగానే ఆయన భారత సైన్యాధిపతిగా నియమితులైనారు. అప్పటి రక్షణమంత్రి వి.కె. కృష్ణమీనన్. ఇద్దరూ మేధావులే, దేశభక్తులే. కాని సరిపడలేదు. ఉత్తర సరిహద్దున చైనా వలన రాగల ప్రమాదానికి సైన్యాన్ని సిద్ధపరచాలన్నది తిమ్మయ్య ఆందోళన. అధికారుల పదోన్నతుల విషయంలో తన సలహాను తోసిపుచ్చుతున్నారన్నది మరొక బాధ. 1959 ఆగస్టు 31వ తేదీన ఆయన రాజీనామా పంపారు.

దేశమంతటా సంచలనం రేగింది. ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ ఆయనను పిలిపించి లేఖను ఉపసంహరించుకొమ్మని కోరారు. తిమ్మయ్య అంగీకరించారు. కాని రెండు దినాల తరువాత పార్లమెంటులో ప్రధాని చేసిన ప్రసంగం సైన్యాధిపతి చర్యను తప్పుపట్టింది. మాట మన్నించి వెనుకకు తగ్గినవాడు సభాముఖంగా నింద మోయవలసి వచ్చింది.

ఆ లేఖను ఆయన వెనుకకు తీసుకొనకుండ ఉంటే బాగుండేదని నేటికీ కొందరు వాదిస్తారు. అప్పుడే దేశం మేలుకొని ఉండేదని వారి భావం. ఆ వాదంలో బలం లేకపోలేదు. ఆయన పదవీ విరమణ చేసిన ఏడాదిన్నరకే, 1962 అక్టోబరులో, చైనా దాడి జరిగింది. సిద్ధంగా లేని సైన్యం మంచులో నేలకొరిగింది. ఆయన భయమే నిజమైంది. ఆ యుద్ధం నడుమనే కృష్ణమీనన్ మంత్రిపదవి విడువవలసి వచ్చింది.

అయితే మరొక వైపు కూడ చూడాలి. పంజాబు సరిహద్దు దళంలో తిమ్మయ్య సహచరుడైన అయూబ్ ఖాన్ అంతకు పది నెలల క్రితమే, 1958 అక్టోబరులో, సైనిక బలంతో పాకిస్తాను అధికారాన్ని హస్తగతం చేసుకున్నారు. ఇద్దరూ సాండ్‌హర్స్ట్‌లో చదివినవారే. ఒకరు ప్రభుత్వంతో విభేదం వచ్చినప్పుడు ఒక కాగితం వ్రాశారు, పెద్దలు కోరగా ఆ కాగితాన్ని వెనుకకు తీసుకున్నారు. రెండవ వారు రాజ్యాంగాన్నే వెనుకకు నెట్టారు. ప్రజలు ఎన్నుకున్న ప్రభుత్వం పొరబడినప్పుడు కూడ సైనికుడు దానికి లోబడియే ఉండాలన్న నియమాన్ని తిమ్మయ్య తన గౌరవాన్ని పణంగా పెట్టి నిలబెట్టారు. ఆయన సాధించిన జోజిలా విజయం ఎంత గొప్పదో, ఈ నిగ్రహమూ అంత గొప్పది. దీనికి పతకం లేదు.

సైప్రస్ – తుది ప్రయాణం

1961 మే 7వ తేదీన, ముప్పది అయిదేళ్ళ సేవ అనంతరం, ఆయన పదవీ విరమణ చేశారు. ఇల్లాలికి, కుమార్తెకు ఇన్నాళ్ళు ఇవ్వలేకపోయిన కాలాన్ని ఇవ్వవలసిన తరుణమది. కాని విశ్రాంతి సుమారు మూడేళ్ళు మాత్రమే దక్కింది.

1960లో స్వతంత్రమైన సైప్రస్ ద్వీపంలో గ్రీకు, తుర్కీ వర్గాల మధ్య 1963 చివర కలహాలు చెలరేగాయి. ఒకే వీధిలో బ్రతికినవారు ఇసుక బస్తాల చాటున తుపాకులు పట్టి కూర్చున్నారు. ఐక్యరాజ్య సమితి అక్కడికి శాంతిసేనను పంపింది. 1964 జూలైలో దాని నాయకత్వం తిమ్మయ్యకు అప్పగించబడింది. ఆయన వెళ్ళిన మరుసటి నెలలోనే కొక్కినా ప్రాంతంలో యుద్ధం చెలరేగింది. పంజాబును చూచిన కండ్లకు ఆ దృశ్యం కొత్తది కాదు. శాంతిసేనాని చేతిలో ఆయుధం ఉంటుంది గాని దానిని వాడడం అతని ఓటమి. ఇరువర్గాల పెద్దలతో కూర్చొని మాటాడడం, మూసిన దారులు తెరిపించడం, పొలం దున్నుకొనే రైతుకు భయం లేకుండ చూడడం – ఇదే అక్కడి సేనాపత్యం.

1965 డిసెంబరు 18వ తేదీన సైప్రస్‌లోనే, విధి నిర్వహణలో ఉండగానే, గుండెపోటుతో ఆయన కన్నుమూశారు. అప్పటికి వయస్సు 59 సంవత్సరాలు. జీవితమంతా ఇతరులను ఇంటికి చేర్చిన మనిషి తాను మాత్రం నిర్జీవుడై ఇల్లు చేరాడు. ఆయన భౌతికకాయాన్ని బెంగుళూరుకు తెచ్చి సైనిక మర్యాదలతో ఖననం చేశారు. మరుసటి సంవత్సరం సైప్రస్ ప్రభుత్వం ఆయన చిత్రంతో తపాలా బిళ్ళను వెలువరించింది. ఆ దేశంలో ఒక వీధికి కూడ ఆయన పేరు పెట్టారు. పరాయి దేశపు సైనికాధికారిని ఒక దేశం ఇట్లు స్మరించుకొనడం అరుదు.

నిలిచినది

మడికేరిలో సన్నీ సైడ్ అన్న పేరుగల ఆ కుటుంబపు ఇల్లు 2021 ఫిబ్రవరి నుండి ఆయన స్మారక ప్రదర్శనశాలగా ఉన్నది. బడి పిల్లలు వరుసగా నిలిచి చూచే ఆ గదులలో ఒకనాడు ఒక తల్లి తన బిడ్డలకు అన్నం కలిపి పెట్టింది. ఆ బిడ్డలలో ఒకడు ఆజాద్ హింద్ ఫౌజులో నిలిచాడు, ఒకడు కాశ్మీరులో నేలకొరిగాడు, ఒకడు దేశ సైన్యానికే అధిపతి అయ్యాడు. ఒక ఇల్లు దేశానికి ఇంతకన్న ఏమి ఇవ్వగలదు?

తిమ్మయ్య జీవితం నుండి పిల్లలు నేర్వదగినది తుపాకి పట్టడం ఒక్కటే కాదు. సిపాయి భాష నేర్చుకొని సిపాయి మనసు తెలుసుకొనడం, అపాయం ఉన్న చోట తాను ముందు నడవడం, కోపం వచ్చినప్పుడు కూడ హద్దు దాటకపోవడం, ఇల్లు కోల్పోయినవానికి ముందుగా చేయి అందించడం – ఇవి ఏ వృత్తిలో ఉన్నవారికైనా కావలసిన గుణాలే. వాటిని ఆయన సాండ్‌హర్స్ట్‌లో కాక, మడికేరిలోని తల్లి ఒడిలో మొదలుపెట్టి నేర్చుకున్నారు. రిచ్‌మండ్ రోడ్డున నడిచే బాలబాలికలు ఏనాడైనా ఒక నిమిషం ఆగి, ఆ వీధికున్న రెండవ పేరును చదివి, ఇంటికి పోయి తలిదండ్రులను ఆయన ఎవరని అడిగితే, ఆ మహనీయునికి అంతకు మించిన నివాళి వేరొకటి ఉండదు.